గంటకు మైళ్లు, సెకనుకు అడుగులు

జామపండ్లకు పేరుపడిన కోహీర్ నుండి ఒక శ్రోత ఇటీవల మాకొక జాబు వ్రాసిరి. వారి తండ్రిగారు వికారాబాదు-బీదరు మార్గమున రైలులో పోవునపుడెల్ల జేబుగడియారము చేతబట్టుకొని, పట్టాల అతుకుల మీద చక్రముల చప్పుళ్లను అర నిమిషముపాటు లెక్కించి, "బండి గంటకు 30 మైళ్ల వేగమున పోవుచున్నది" అని తేల్చి చెప్పెడివారట. ఇప్పుడు అమెరికాలో నున్న మనుమడు "70లో పోవుచున్నాను" అని కారులోనుండి ఫోను చేయుచున్నాడు. తాతగారి 30 ఎట్లు వచ్చినది? మనుమని 70 ఎంత? ఇవి వారి ప్రశ్నలు. రెండవదానికి ముందుగా సమాధానము చెప్పవలసియున్నది. అందులో ప్రాణాపాయపు మాట కలదు.

మన దేశమున 1956 నాటి చట్టము ననుసరించి, 1958 అక్టోబరు 1 మొదలుకొని మెట్రిక్ పద్ధతి అంచెలంచెలుగా అమలునకు వచ్చినది. దారిప్రక్కల మైలురాళ్లు కిలోమీటరు రాళ్లైనవి. మనము మాత్రము వానిని నేటికిని మైలురాళ్లనియే పిలుచుచున్నాము. అమెరికాలోను, ఇంగ్లండులోను రోడ్ల మీద వేగము ఇంకను మైళ్లలోనే చెప్పుదురు. కావున అక్కడి 70 మనకు సుమారు 113 కిలోమీటర్లు. కోహీర్‌లో కూర్చుండి "70 ఏపాటి వేగములే" అనుకొను తల్లిదండ్రులు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

అయితే గంట లెక్క గమ్యము ఎప్పుడు చేరుదుమో చెప్పుటకే పనికివచ్చును. ఎదుట ఆవు అడ్డము వచ్చినపుడు గంట యెవరికి కావలెను? అప్పుడు కావలసినది సెకను లెక్క. మైలుకు 8 ఫర్లాంగులు, ఫర్లాంగుకు 220 గజములు, గజమునకు 3 అడుగులు. వెరసి మైలుకు 5,280 అడుగులు. గంటకు 3,600 సెకనులు. ఈ రెండు సంఖ్యలను 240 చేత భాగించినచో 22, 15 మిగులును. అనగా గంటకు 15 మైళ్లు పోవునది సెకనుకు 22 అడుగులు పోవును. ఈ జంట ఒక్కటి జ్ఞాపకముండిన చాలును. 30 మైళ్లకు 44 అడుగులు, 60 మైళ్లకు 88 అడుగులు. 45 మైళ్లకు 66 అడుగులు. క్రికెట్ పిచ్ పొడవు 22 గజములు గదా, సరిగా అంతే. సెకనుకొక పిచ్ దాటిపోవు బండిని మనసున ఊహించుకొనుడు. తిరిగి అడుగులనుండి మైళ్లకు రావలెనన్న 15 చేత గుణించి 22 చేత భాగింపవలెను.

ఆపదను కన్ను చూచి, కాలు బ్రేకును నొక్కుటకు ఒకటిన్నర సెకను పట్టునని అనుకొందము. ఆ కాలములో బండి పోవు దూరము అడుగులలో కావలెనన్న, మైళ్ల వేగమును 2.2 చేత గుణించిన సరి. 70కి 154 అడుగులు. బ్రేకు పని మొదలుపెట్టుటకు ముందే కారు 154 అడుగులు పోయినదన్నమాట. కారు నడుపుచు ఫోనులో ముచ్చటించుట వేరు సంగతి. కాదు, అదియే సంగతి.

రైలుగేటు కడ ఈ లెక్క మరింత కఠినము. గంటకు 60 మైళ్ల వేగమున వచ్చు బండి ఫర్లాంగు దూరమున, అనగా 660 అడుగుల ఎడమున కనబడినచో, ఏడున్నర సెకనులలో మన ముందుండును. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని గేటు కడ బడిబస్సును రైలు ఢీకొని పసిపిల్లలు మరణించిరి. కోహీర్ కూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని గేట్లన్నియు తొలగింపబడినవి. గేటున్నచోట దాని క్రిందుగా దూరి పోవువారు మాత్రము నేటికిని కలరు.

కొలతను కొలతగా చదువక పొరపడుట ఎంత సులభమో నాకు స్వానుభవము. నేను ఈ ఉద్యోగమున చేరిన క్రొత్తలో, తుఫాను వార్తలో "60 నాట్ల గాలి" అని వచ్చినదానిని గంటకు 60 కిలోమీటర్లని చదివితిని. నాట్లనగా వరినాట్లు కావు. ఒక నాట్ అనగా గంటకొక సముద్రపు మైలు. బ్రిటిషు లెక్కలో సముద్రపు మైలు 6,080 అడుగులు. అంతర్జాతీయముగ 1,852 మీటర్లు. 60 నాట్లనగా గంటకు 69 మైళ్లు, 111 కిలోమీటర్లు. తీవ్ర తుఫానును వట్టి ఈదురుగాలిగా నేను చదివివేసితిని. తరువాతి వార్తలలో సవరించితిమి గాని, మొదటిది విని రేడియో కట్టివేసి వల భుజమున వేసికొని పోయిన జాలరి ఎవడైన ఉండెనేమో యను దిగులు చాలనాళ్లు నన్ను వదలలేదు.

ఆ "నాట్" అను మాటకు ఇంగ్లీషున ముడి అని అర్థము. పూర్వము నావికులు త్రాటికి 47 అడుగుల 3 అంగుళముల కొకటి చొప్పున ముడులు వేసి, కొనకు కొయ్యపలక గట్టి, ఓడ వెనుక నీటిలోనికి విడిచెడివారు. ఇసుకగడియారమున 28 సెకనుల ఇసుక రాలులోపల ఎన్ని ముడులు చేతినుండి జారిపోయిన అన్ని నాట్లు. గంటలో 28 సెకనులు ఎన్నవ పాలో, సముద్రపు మైలులో ఆ ముడుల యెడము ఇంచుమించు అన్నవ పాలే. గుణకారము, భాగహారము రెండును త్రాటిలోనే ఇమిడియున్నవి. నావికుడు లెక్కింపవలసినది ముడులే.

కోహీర్ పెద్దాయన చేసినదియు ఇదే. త్రాటికి బదులు పట్టాలు, ముడులకు బదులు అతుకులు. పట్టా పొడవు 42 అడుగులైనచో, 28.6 సెకనులలో వినవచ్చు చప్పుళ్ల సంఖ్యయే గంటకు మైళ్ల వేగము. 13 మీటర్ల పట్టాలైనచో సుమారు 47 సెకనులు లెక్కించిన కిలోమీటర్లు వచ్చును. పట్టాలను పొడవుగా వెల్డింగు చేసి కలిపిన మార్గములలో ఆ చప్పుడే లేదు. అక్కడ కిలోమీటరు రాళ్లను చూచి లెక్కించుకొనవలసినదే.

ఇక జాబులోని చిన్న సందేహము. తండ్రిగారు పూర్తిగా అర నిమిషము లెక్కించెడివారని శ్రోత వ్రాసిరి. అనగా ఇంచుమించు ఒకటిన్నర సెకను ఎక్కువ. 30 సెకనులలో 30 చప్పుళ్లు వినబడినచో, బండి సెకనుకు 42 అడుగులు పోయినట్లు. దానిని 15 చేత గుణించి 22 చేత భాగించి చూడుడు: పెద్దాయన 30 అన్నచోట బండి 28 మైళ్ల 5 ఫర్లాంగుల వేగముననే పోవుచుండెను.