పొడుగు వైరు – ప్రాణరక్షణము



మహానంది కోనేటి నీటి తేటదనమును గూర్చి ఆ క్షేత్రమును దర్శించినవారికి నేను చెప్పనక్కరలేదు. నల్లమల పాదమున ఊరిన ఆ జలమే చుట్టుప్రక్కల పొలములను తడుపుచున్నది. తడి నేల ఆ యూరికి భాగ్యము. విద్యుత్పరికరమును చేతబట్టినవానికి మాత్రము అదియే ప్రమాదహేతువు.

ఒకప్పుడు అచ్చట బంధువుల యింట బేతంచెర్ల బండలు పరచుచుండగా చూచితిని. మేస్త్రి పెరటిలో కటింగు మిషనుతో బండలను కోయుచుండెను. ధూళి రేగకుండుటకై ఒక కుఱ్ఱవాడు నీరు పోయుచుండెను. నడవలోని ప్లగ్గునుండి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వచ్చుచుండెను. మిగిలిన వైరు చుట్టగానే పడియుండెను. టేపు చుట్టిన యతుకొకటి తడిలో నుండెను. "వైరు వేడెక్కినదే" యంటిని. "ఏం కాదులే సామీ, దినామూ ఇట్లనే చేసేది" అనెను. కొంతసేపటికి కుఱ్ఱవాని వట్టికాలు ఆ యతుకుపై పడెను. వాడు కొయ్యబారి యొరిగెను. మేస్త్రి వానిని పట్టబోగా, "ముట్టవద్దు" అని యరచి, ముందుగా స్విచ్చి ఆర్పితిని. వాడు బ్రతికెను.

ఇందు దోషములు మూడు.

మొదటిది తీగ సన్నదనము. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 30 మీటర్లున్నచో, విద్యుత్తు పోయి రావలెను గనుక 60 మీటర్ల దారి యగును. దాని నిరోధము సుమారు ఒకటిన్నర ఓము. మిషను 6 ఆంపియర్లు లాగినప్పుడు 9 వోల్టులు దారిలోనే నశించి, 54 వాట్లు వేడిగా మారును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగయందైనచో 3 వోల్టులు, 18 వాట్లు మాత్రమే. దూరము పెరిగినకొలది తీగ లావు కావలెను.

రెండవది చుట్ట. పరచిన వైరునుండి వేడి గాలిలో కలియును. చుట్టలో ఆ 54 వాట్లు, గుడ్డలో మూటగట్టిన బల్బువలె, లోలోపల రగిలి పైతొడుగును కరగించును. కావున పని కొంచెమైనను వైరును పూర్తిగా విప్పవలెను.

మూడవది యతుకు. దెబ్బతిన్న వైరును తీసివేయవలెను. టేపు నీటిని ఆపలేదు. ప్లగ్గు, సాకెట్టు తడికి తగులకుండ ఎత్తున నుంచవలెను. ఎర్తుపిన్ను విరిచి రెండు పిన్నులతో నడుపరాదు.

"ఫ్యూజు ఉన్నది గదా" యని కొందరందురు. అనేక ఆంపియర్లు పారిననే గాని ఫ్యూజు కరగదు. మనిషి ప్రాణము పోవుటకు ఆంపియరులో పదియవవంతు చాలును. ఫ్యూజు తీగను కాపాడును గాని మనిషిని గాదు. 30 మిల్లీయాంపియర్ల లీకేజికే విద్యుత్తును తెగగొట్టు ఆర్.సి.సి.బి. అను స్విచ్చిని అమర్చుకొనవలెను. నెలకొకసారి దాని పరీక్షమీటను నొక్కి చూడవలెను.

మరునాడు మేస్త్రి క్రొత్త వైరు తెచ్చి, ఎవరును చెప్పకయే పూర్తిగా విప్పి పరచెను. కుఱ్ఱవాని కాళ్ళకు చెప్పులుండెను. మీ యింట పని జరుగునప్పుడు మీరును ఒకసారి వైరును చూడుడు.