అతివృష్టి, అనావృష్టి: హుస్నాబాదు పెరటితోట

పెరటిలో నాలుగు కూరపాదులున్న యింట గృహిణికి అంగడి ధరలను గూర్చిన దిగులు సగము తీరును. కాని ఆ పాదులు ఆకాశమును నమ్ముకొన్నవి. సిద్దిపేట జిల్లాలోని హుస్నాబాదు మెట్టప్రాంతము. ఏడాది పొడుగునను పారు నది చేరువలో లేదు. ఎల్లమ్మచెరువు వంటి చెరువులును, బావులును, బోరులును వాననుబట్టియే నిండును. కావున వాన గతి తప్పిన యేడు పొలముతోపాటు పెరడును పరీక్షకు నిలువవలసినదే.

అట్టి పరీక్ష 2023వ సంవత్సరమున వచ్చినది. జనులు మిరుగమని పిలుచు మృగశిరకార్తె, విత్తుకాలమయ్యును, చాలవరకు వట్టిదై పోయినది. జూను మూడవ వారమునగాని ఋతుపవనములు తెలంగాణమునకు చేరలేదు. జూలై చివర కుండపోతగా కురిసినది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినముననే 649.8 మిల్లీమీటర్ల వాన నమోదయ్యెను. అధికశ్రావణమున అంతగా కురిసిన మేఘము నిజశ్రావణము వచ్చునప్పటికి మొగము చాటుచేసెను. 1901 తరువాత మన దేశమున అంతటి వాన లేని ఆగస్టు మరియొకటి లేదు. ఆ నడుమనే టమాటా ధర కిలో నూరు రూపాయలు దాటినది.

కూర ప్రియమైనప్పుడు మొదట తరుగునది ఎవరి కంచములోనిదో సోదరీమణులకు చెప్పనక్కరలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలదు. పెరటి ఆకుకూర యొక్కటియే దానిని పోగొట్టజాలదు గాని, దినమును పిడికెడు ఆకుకూర కంచమున పడుట చిన్న మేలు కాదు.

ఇట్టి యేట తోట నిలుచుటకు మొదటి యుపాయము విత్తనమంతయు ఒక్కమారే చల్లకుండుట. తొలిచినుకునకే గింజలన్నియు నేలపాలు చేసినచో, మొలకలు ఎండిపోయిన పిదప మరల విత్తుటకు చేతిలో ఏమియు మిగులదు. గింజలను మూడు వంతులు చేసి పదిపదునైదు దినముల యెడముతో విత్తవలెను. ఒక వంతు ఎండకును, ఒక వంతు వరదకును పోయినను, మూడవది మనకు దక్కును.

కుండపోత వానలో మొక్కను చంపునది నీరు కాదు, వేళ్లకు గాలి అందకపోవుట. టమాటా, మిరప, వంగ మొక్కలను జానెడు ఎత్తు కట్టలపై నాటి, పెరటి వాలునకు చిన్న కాలువ తీసినచో నిలువనీరు పోవును. వాన వెలిసి ఎండ కాసినంతనే పాదుల మొదళ్ళకు ఎండుటాకులు గాని గడ్డి గాని కప్పవలెను. అది నేలలోని తేమను కాపాడును. బియ్యము, కూరలు కడిగిన నీటిని పారబోయక పాదులకు మళ్లింపవలెను.

వాన లేని దినములలో పేనుబంకయు తెల్లదోమయు పెచ్చు పెరుగును. బెండకు పల్లాకు తెగులును మోసికొనివచ్చునది ఈ తెల్లదోమయే. ఆకు ఈనెలు పసుపుబారిన మొక్కను జాలిపడక పెరికివేయవలెను. వేపగింజల పప్పు పొడి 50 గ్రాములు లీటరు నీట రాత్రి నానబెట్టి, ఉదయమున వడగట్టి, రవ్వంత సబ్బునీరు చేర్చి, సాయంకాలము ఆకుల అడుగున తడియునట్లు చల్లినచో ఈ పురుగులు తగ్గును.

మన పెద్దలు పందిరికి చిక్కుడును పెట్టుటలో గొప్ప యుక్తి కలదు. పగటిపొద్దు కురచ యగువరకు నాటుచిక్కుడు పూతకు రాదు. కావున వానకాలపు ఒడుదొడుకులు తీగను పీడించినను, కాపు చలికాలమునకు భద్రముగా నిలిచియుండును. గోకరకాయయు పుంటికూరయు కొద్ది నీటితోనే బ్రతుకును. తోటకూర విత్తిన నెలకే కోతకు వచ్చును. ఇట్లు నెలకు వచ్చునదియు, ఋతువు చివర వచ్చునదియు ఒకే పెరటిలో నుండవలెను.

కడపట ఒక్క మాట. అట్టి యేట ఎండకును వానకును ఓర్చి నిలిచిన నాటుపాదునుండి రెండు కాయలను కోయక ముదురనిచ్చి, గింజలను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి దాచుకొనుడు. సంకరజాతి గింజలు మాత్రము మరుసటి యేట తల్లిగుణము నిలుపవు. చెడుకాలము మిగిల్చిన ఆ పిడికెడు గింజలే రాబోవు మిరుగమునకు పెట్టుబడి.