నర్సు కావాలంటే కాలేజీ చదువు తప్పదా?

జనవరిలో మేట్రిక్ ఫలితాలు రాగానే మన ఇళ్ళల్లో ఒక మాట వినబడుతుంది. "పిల్లకు నర్సు కావాలని ఉంది, మార్కులు తక్కువ వచ్చాయి. కాలేజీకి పోకుండా ఏదైనా పరీక్ష రాసి నర్సు కావచ్చునా?" ఈ మధ్య మగపిల్లల తల్లులు కూడా అడుగుతున్నారు. మంచిదే.

జవాబు ముందే చెబుతాను. దక్షిణాఫ్రికాలో అలాంటి దారి లేదు. 2005 నాటి 33వ నంబరు నర్సింగ్ చట్టం ప్రకారం, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు లేనివారు నర్సు పని చేయడం నేరం. పేరు ఎక్కాలంటే కౌన్సిల్ ఒప్పుకున్న కాలేజీలో, కౌన్సిల్ ఒప్పుకున్న కోర్సు చదవాలి. చదివే రోజుల్లోనే విద్యార్థి పేరు కౌన్సిల్ దగ్గర నమోదు కావాలి. ఇంట్లో అవ్వను పదేళ్ళు చూసుకున్న పిల్లకు చేతిలో మంచి పని ఉంటుంది, కాదనను. ఆ అనుభవాన్ని సీటు ఇచ్చేటప్పుడు కాలేజీ లెక్కలోకి తీసుకోవచ్చు. చదువుకు బదులుగా మాత్రం అది నిలవదు.

ఈ కట్టుబాటు నిన్న మొన్న పుట్టింది కాదు. ప్రపంచంలో మొదటగా నర్సుల పేర్లను ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కించింది ఈ దేశంలోని కేప్ కాలనీయే, 1891లో. అప్పటికి మన పెద్దలు నాటాల్ చెరకు తోటలకు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. మా తాతమ్మ తోట బ్యారక్‌లలో ఎందరికో కాన్పులు చేసిందని మా అమ్మ గొప్పగా చెప్పేది. "ఆమెకు ఏ సర్టిఫికెట్ ఉంది?" అని నన్ను అడిగేవారు ఉన్నారు. ఆమె చేతుల్లో పోయిన తల్లుల సంగతి మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు దారులు మూడు. ఒక ఏడాది హయ్యర్ సర్టిఫికెట్ చదివితే ఆగ్జిలరీ నర్సు. మూడేళ్ళ డిప్లొమా చదివితే జనరల్ నర్సు. నాలుగేళ్ళ డిగ్రీ చదివితే ప్రొఫెషనల్ నర్సు, మిడ్‌వైఫ్ కూడా. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ప్రభుత్వ ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో కమ్యూనిటీ సర్వీసు చేయాలి. జీతం ఇస్తారు, కానీ ఇంటికి దూరంగా వేయవచ్చు.

మన అక్కలు, పిన్నులు నర్సులైన దారి వేరు. ఏడాది చదివి ఆగ్జిలరీగా పనిలో చేరడం, లేదా రెండేళ్ళు చదివి ఎన్‌రోల్డ్ నర్సు కావడం, పిల్లలను పెంచుకుంటూ కొన్నేళ్ళు పని చేసి, తర్వాత రెండేళ్ళ బ్రిడ్జింగ్ కోర్సుతో పై మెట్టు ఎక్కడం. ఆ పాత కోర్సుల్లో కొత్తవారిని చేర్చుకోవడం 2019 డిసెంబరు 31తో ఆగిపోయింది. కాబట్టి పిన్ని చెప్పిన సలహా ప్రేమతో చెప్పినదే అయినా, ఈనాటి పిల్లకు పనికిరాదు. డబ్బు లేని ఇంటి పిల్లకు ఆ చిన్న చిన్న మెట్లే అందేవి. అవి పోవడం నాకు బాధగానే ఉంది.

ఈ ఖాళీలోనే కొందరు వ్యాపారం చేస్తున్నారు. నా క్లాసులో చదివిన ఒక అమ్మాయి ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. ఫీజుకు తల్లి రెండు గాజులు అమ్మింది. ఏడాదిన్నర తర్వాత ఆసుపత్రికి ఉద్యోగానికి వెళితే, అక్కడ మొదట అడిగింది కౌన్సిల్ నంబరు. అమ్మాయి దగ్గర లేదు. ఆమె చదివింది ముసలివాళ్ళను ఇంట్లో చూసుకునే కేర్‌గివర్ కోర్సు. అది దొంగ కోర్సు కాదు, ఆ పనీ గౌరవమైన పనే. కానీ కాలేజీ బోర్డు మీద తెల్ల టోపీ పెట్టిన నర్సు బొమ్మ ఉంది. కోర్సు నర్సింగ్ కాదని చేరిన రోజు ఎవరూ చెప్పలేదు. గాజులు తిరిగి రాలేదు.

మార్కుల సంగతి మేట్రిక్ తర్వాత ఆలోచిస్తే ఆలస్యం. గ్రేడ్ 9 చివర్లో సబ్జెక్టుల ఫారం ఇంటికి వస్తుంది చూడండి, నర్సు కావడం అక్కడే మొదలవుతుంది. డర్బన్‌లో క్వాజులు-నాటాల్ యూనివర్సిటీ, డర్బన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ రెండూ నర్సింగ్ డిగ్రీకి లైఫ్ సైన్సెస్ అడుగుతాయి. గణితమా, మ్యాథమెటికల్ లిటరసీయా, ఎన్ని మార్కులు అన్నది ఒక్కోచోట ఒక్కో విధం. పద్నాలుగేళ్ళ పిల్ల స్నేహితురాలిని చూసి టూరిజం తీసుకుంటే, ఆ ఫారం మీద సంతకం పెట్టేది మీరే. మేట్రిక్ పాస్‌లో కూడా మెట్లు ఉన్నాయి: డిగ్రీకి బ్యాచిలర్ పాస్, డిప్లొమాకు డిప్లొమా పాస్ కావాలి. మార్కులు తగ్గితే విద్యాశాఖ వారి సెకండ్ చాన్స్ మేట్రిక్‌లో ఆ సబ్జెక్టు మళ్ళీ రాయవచ్చు. ఒక ఏడాది పోయిందని ఏడవకండి, ఆ అమ్మాయికి ఏడాదిన్నరా పోయింది, గాజులూ పోయాయి.

ఫీజు కట్టే ముందు కాలేజీ పేరు, కోర్సు పేరు రెండూ కౌన్సిల్‌ను అడగండి. కాలేజీకి అనుమతి ఉన్నంత మాత్రాన దాని ప్రతి కోర్సుకూ ఉన్నట్టు కాదు. ఆఫీసులో కాగితం చూపించి తొందర పెడితే, కాగితం ఫోటో తీసుకుని ఇంటికి రండి. ఇప్పటికే నర్సులైనవారికి ఒక మాట: ప్రతి ఏడాది డిసెంబరు 31 లోగా ఫీజు కట్టకపోతే మీ పేరు రిజిస్టరులోంచి తీసేస్తారు, మళ్ళీ ఎక్కించడానికి ఎక్కువ కట్టాలి. ఎవరి పేరు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. మీ అమ్మను చూసుకోవడానికి ఇంటికి "నర్సు" వస్తుంటే, ఆమె పేరు కూడా ఒకసారి వెతకండి.