కోయి కొలనుల్లో చేపపేను: నివారణ, చికిత్స

అలంకార చేపగా పెంచే కోయి, ఆంధ్ర రైతులకు సుపరిచితమైన బంగారుతీగకు సమీప బంధువు. అందువల్ల కార్పు చెరువులను పీడించే ఆర్గ్యులస్ అనే చేపపేను దీనికీ సోకుతుంది. కంటికి కనిపించే ఈ చదునైన పరాన్నజీవి చర్మాన్ని గుచ్చి రక్తాన్ని పీలుస్తుంది. చేపలు రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం, మేత తగ్గించడం దీని తొలి లక్షణాలు. గాయాల ద్వారా ఏరోమోనాస్ వంటి బాక్టీరియా ప్రవేశిస్తే పుండ్లు ఏర్పడతాయి.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వంటి పత్తి, మిరప సాగు ప్రాంతాల్లో చికిత్సే ప్రమాదంగా మారే అవకాశం ఉంది. పత్తి పురుగులపై పిచికారీ చేసే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ చేపపేనును కూడా చంపుతాయి. అయితే ఈ వర్గపు మందులు పక్షులు, క్షీరదాలకంటే చేపలకు ఎన్నో రెట్లు విషపూరితం. చేనుకు తెచ్చిన మందును అంచనాతో కొలనులో పోస్తే పేనుతోపాటు చేపలూ, జంతుప్లవకాలూ నశించవచ్చు. పిచికారీ డబ్బా కడిగిన నీరు సైతం చిన్న కొలనుకు హానికరమే.

నివారణకు కీలకం పేను గుడ్లు. ఆడపేను చేపను విడిచి రాళ్లు, కర్రలు, మొక్కలపై గుడ్లు పెడుతుంది. వెదురు కర్రలను నీటిలో నిలిపి, వారానికొకసారి తీసి ఎండబెడితే వాటిపై పెట్టిన గుడ్లు నశిస్తాయి. సాధారణంగా మందులకు గుడ్లు చావవు. వెచ్చని నీటిలో అవి సుమారు రెండు వారాలకు పొదుగుతాయి. కాబట్టి మత్స్యనిపుణుల సూచించిన మోతాదులో, వ్యవధి పాటించి చికిత్సను పునరావృతం చేయాలి. కొత్త చేపలను నాలుగు వారాలు వేరు తొట్టిలో పరిశీలించాకే కొలనులో వదలడం మందు అవసరాన్నే తగ్గిస్తుంది.