గుమాస్తా పెట్టిన పేరు

1917 డిసెంబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, కాగ్‌డెల్ అనే చిన్న ఊళ్ళో ఒక నల్లజాతి ఇంట మగబిడ్డ పుట్టాడు. తండ్రి రైలు పట్టాలు వేయించే పనిలో ఉండేవాడు. బిడ్డకు రైఫర్డ్ చాట్‌మన్ డేవిస్ అని పేరు పెట్టుకున్నారు. పొడి అక్షరాల్లో ఆర్.సీ. పుట్టుక రాయించేటప్పుడు కౌంటీ ఆఫీసు గుమాస్తా పేరేమిటని అడిగితే తల్లి లారా "ఆర్.సీ." అంది. ఆ ప్రాంతపు యాసలో 'ర్' శబ్దం నోట్లోనే ఉండిపోతుంది. గుమాస్తా చెవికి అది 'ఆసీ' అని వినపడింది. అలాగే రాసేశాడు. తెల్లదొర రాసిన దాన్ని కాదని, "అయ్యా, అది కాదండీ" అనే ధైర్యం ఆ రోజుల్లో అక్కడ ఏ నల్లజాతి తల్లికీ లేదు. పిల్లవాడు ఆ పూట నుంచి ఆసీ డేవిస్ అయిపోయాడు. తర్వాతి కాలంలో నటుడుగా, నాటక రచయితగా, దర్శకుడుగా అమెరికా అంతా ఎరిగిన పేరు అదే.

ఈ సంగతి చదివినప్పుడు మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. కువైట్‌లో ఆఫీసు బల్లల దగ్గర కూర్చుని రోజంతా పేర్లు టైపు చేసే గుమాస్తాలం మేము. అరబ్బీలో 'ప' లేదు కాబట్టి మన ప్రసాద్ ఇక్కడ బ్రసాద్ అవుతాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఒకచోట పడి, ఇంట్లో ఎవరూ పిలవని పేరుతో పదేళ్ళు బతికేసిన అన్నలు మనలో ఎందరో! కౌంటర్ అవతల కూర్చున్నాయనకు "తప్పు పడింది సార్" అని చెప్పడానికి నోరు పెగలదు. అకామా ఆగిపోతుందేమో అని భయం. లారా డేవిస్ భయం ఇంకా పెద్దది. ప్రాణభయం. ఆమె భర్త చేస్తున్నది తెల్లవాళ్ళకు దక్కాల్సిన పని అని కు క్లక్స్ క్లాన్ వాళ్ళు చంపుతామని బెదిరించారు కూడా.

ఆసీకి ఆరేడేళ్ళప్పుడు వేక్రాస్ పట్నంలో ఇద్దరు పోలీసులు కారాపి, ఎక్కమన్నారు. స్టేషన్‌కు తీసుకుపోయారు. కొట్టలేదు, తిట్టలేదు. నవ్వుకుంటూ నెత్తి మీద చెరకు పాకం పోశారు. తర్వాత వేరుశెనగ చిక్కీ ముక్కలు చేతిలో పెట్టి పంపించారు. పిల్లవాడు ఆ చిక్కీ తిన్నాడు. ఇంట్లో చెప్పలేదు. పెద్దయ్యాక తన ఆత్మకథలో ఈ సంగతి రాస్తూ, తన బతుకు ఎలా ఉండాలో అప్పుడే తనకు నేర్పేశారని బాధపడ్డాడు. అవమానం జరుగుతున్నా నవ్వుతూ నిలబడటమే ఆ పాఠం. ఆయన రాసిన నాటకాలన్నీ ఆ నవ్వును వాళ్ళ చేతుల్లోంచి లాక్కోవడానికేనని మాకు అనిపిస్తుంది.

చదువుకోవాలని 1935లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో చేరాడు. చేతిలో డబ్బు లేదు, దారిలో బండ్లు ఆపుకుంటూ వెళ్ళాడు. నాటకాలు రాయాలన్న కోరిక విని అక్కడి ప్రొఫెసర్ ఆలెన్ లాక్, "ముందు స్టేజీ అంటే ఏమిటో తెలుసుకో, న్యూయార్క్ వెళ్ళు" అని సలహా ఇచ్చాడు. 1939లో హార్లెం చేరి ఒక నాటక సమాజంలో కలిశాడు. కడుపు నిండాలి కదా! ఊడ్చే పని చేశాడు, సరుకులు పంపే గుమాస్తాగా, స్టోరు గుమాస్తాగా చేశాడు. అవును, మన పనే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరితే సముద్రం దాటించి లైబీరియా ఆసుపత్రిలో ఆపరేషన్లకు సాయపడే పని ఇచ్చారు.

తిరిగి వచ్చాక 1946లో 'జెబ్' అనే నాటకంలో మొదటిసారి బ్రాడ్వే ఎక్కాడు. అందులోనే రూబీ డీ పరిచయం. 1948 డిసెంబరులో రిహార్సల్ లేని ఒక రోజున ఇద్దరూ బస్సెక్కి న్యూజెర్సీ వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు. ఆ జంట 56 ఏళ్ళు విడిపోలేదు. నాటకాల్లో, సినిమాల్లో, ఊరేగింపుల్లో పక్కపక్కనే ఉన్నారు. 1950ల్లో ప్రభుత్వానికి కంటగింపైన గాయకుడు పాల్ రోబ్సన్‌ను వెనకేసుకొచ్చినందుకు వాళ్ళనూ అనుమానంగా చూశారు. వేషాలు తగ్గాయి.

ఆ కష్టకాలంలోనే ఆయన న్యూయార్క్‌లోని 1199 అనే యూనియన్ కోసం నాటకాలు రాసి ఆడించాడు. మందుల షాపుల ఉద్యోగుల సంఘం అది. ఆసుపత్రుల్లో నేల తుడిచేవాళ్ళు, వంటవాళ్ళు తర్వాత అందులో చేరారు. 1955లో వాళ్ళ కోసం రాసినది 'ది పీపుల్ ఆఫ్ క్లారెండన్ కౌంటీ'. పిల్లలకు స్కూలు బస్సు కావాలని అడిగిన దక్షిణ కరొలైనా తల్లిదండ్రుల కథ. ఒక్క బస్సు కోసం మొదలైన ఆ గొడవ, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కలిసిన కేసుల్లో ఒకటైంది. సిడ్నీ పోయిటియర్ కూడా అందులో నటించాడు.

ఇక పేరు తెచ్చిన నాటకం 'పర్లీ విక్టోరియస్'. మొదట దీన్ని కోపంతో, గంభీరంగా రాయబోయాడు. కుదరలేదు. అంతకుముందు 1953లో యూదు రచయిత షోలెం అలైకెం కథల నాటకానికి స్టేజ్ మేనేజరుగా పనిచేశాడు. బాధపడే జనం తమ బాధను చూసి తామే ఎలా నవ్వుకుంటారో అక్కడ గమనించాడు. పర్లీని కామెడీగా మార్చాడు. ఆ మాటకొస్తే, అదే దెబ్బ గట్టిగా తగిలింది.

కథ వినండి. జార్జియాలో ఒక పత్తి దొర ఉంటాడు. పాలుకు చేసే రైతులు సరుకులన్నీ దొర కొట్లోనే తెచ్చుకోవాలి, ఆ ఖాతా ఎన్నటికీ తీరదు. (ఏజెంటు అప్పు కట్టినవాళ్ళకు ఇంకేం చెప్పాలి!) పర్లీ అనే యువకుడు పాస్టరుగా తిరిగొచ్చి ఊరి చర్చిని దక్కించుకోవాలనుకుంటాడు. వాళ్ళ బంధువు అమ్మాయికి రావలసిన 500 డాలర్లు దొర దగ్గర ఉన్నాయి. ఆ అమ్మాయి చనిపోయింది. అందుకని లూటీబెల్ అనే వంటపిల్లను ఆ అమ్మాయిగా నటించమని తీసుకొస్తాడు. అంతా బాగానే సాగుతుంది. చివర్లో రసీదు మీద సంతకం పెట్టమంటే ఆ పిల్ల ముద్దుగా తన అసలు పేరే రాసేస్తుంది! పట్టుబడిపోతారు. ఆఖరికి దొర కొడుకే, తండ్రికి తెలియకుండా, చర్చి కాగితాలు పర్లీ పేరున రాయించేస్తాడు. అది విని దొర నిలువునా, నిలబడిన చోటనే ప్రాణం వదిలేస్తాడు.

1961 సెప్టెంబరులో బ్రాడ్వేలో మొదలై 261 ఆటలు ఆడింది. పర్లీగా ఆసీ, లూటీబెల్‌గా రూబీ. దొర కొడుకు వేషం వేసిన కుర్రాడు అలన్ ఆల్డా, తర్వాత పెద్ద టీవీ నటుడయ్యాడు. మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి చూశాడు. 1970లో ఇదే కథ 'పర్లీ' పేరుతో పాటల నాటకమైంది.

1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో లక్షల మంది కదిలిన సభ కార్యక్రమాన్ని ఆసీ, రూబీ ఇద్దరూ నడిపించారు. 1965 ఫిబ్రవరిలో మాల్కం ఎక్స్‌ను కాల్చి చంపారు. శవాన్ని ఉంచడానికి చర్చిలు కూడా వెనకాడిన రోజులవి. హార్లెంలో ఒక చర్చి ఒప్పుకుంది. అంత్యక్రియల్లో నివాళి మాట్లాడింది ఆసీ డేవిస్. సినిమా అవకాశాలు పోతాయని తెలిసే వెళ్ళాడు. 1992లో స్పైక్ లీ తీసిన 'మాల్కం ఎక్స్' సినిమా చివర్లో ఆ మాటలు ఆయన గొంతుతోనే వినిపిస్తాయి. అంతకుముందు 1989లో అదే దర్శకుడి 'డూ ద రైట్ థింగ్'లో వీధిలో తాగుతూ తిరిగే 'డా మేయర్' అనే ముసలాయనగా వేశాడు. కిటికీలోంచి ఆయన్ని తిట్టిపోసే ముసలమ్మ రూబీ డీ! దొరికితే తప్పక చూడండి.

2004లో దంపతులిద్దరికీ కలిపి కెన్నెడీ సెంటర్ సత్కారం జరిగింది. 2005 ఫిబ్రవరి 4న, 87 ఏళ్ళ వయసులో, మయామీ బీచ్‌లో ఒక హోటల్ గదిలో ఆసీ కన్నుమూశాడు. అక్కడికి వెళ్ళింది సినిమా షూటింగ్ కోసమే. రూబీ డీ 2014లో వెళ్ళిపోయింది.

'పర్లీ విక్టోరియస్' 2023లో మళ్ళీ బ్రాడ్వేకి వచ్చింది. లెస్లీ ఓడమ్ జూనియర్ పర్లీ వేశాడు. సంతకం దగ్గర తన పేరే రాసేసే ఆ వంటపిల్ల వేషానికి కారా యంగ్ 2024లో టోనీ అవార్డు అందుకుంది.