ఊపిరిలో రంపపు పొట్టు
హౌరా చెక్క పనివారిని వెన్నాడే దుమ్ము కంటికి కనిపించదు, ఫ్యాక్టరీల చట్టానికీ చిక్కదు

హౌరా అనగానే తెలుగువారికి గుర్తొచ్చేవి వంతెన, రైల్వే స్టేషన్. పారిశ్రామికులకైతే ఇనుము. ఫౌండ్రీలు, లేతు యంత్రాలతో ఒకప్పుడు ‘భారతదేశపు షెఫీల్డ్’ అనిపించుకున్న ఊరది. ఆ పొగ గురించి అందరూ మాట్లాడతారు. అదే ఊళ్లోని కోత మిల్లుల్లో, మంచాలు, తలుపులు చేసే ఇరుకు షెడ్లలో లేచే చెక్క దుమ్ము మాత్రం పెద్దగా చర్చకు రాదు.

కాళ్ల కింద కుప్పపడే రంపపు పొట్టు అంత ప్రమాదకారి కాదు. బరువుకి కిందికి దిగిపోతుంది. అసలు చిక్కంతా చెక్కను నున్నగా రుద్దేటప్పుడే. అప్పుడు లేచే ధూళి పిండికన్నా మెత్తన. గాలిలో చాలాసేపు తేలుతుంది. పెద్ద రేణువులు ముక్కులో చిక్కుకుంటే, సన్నవి ఊపిరితిత్తుల దారి పడతాయి. ముఖానికి చుట్టుకునే గుడ్డ వాటిని ఆపలేదు. గాలి గొట్టంతో బట్టలు దులుపుకుంటే కూర్చున్న దుమ్ము మళ్లీ లేస్తుంది.

మొదట తుమ్ములు, ముక్కు కారడం, పొడి దగ్గు. కొందరిలో అది ఉబ్బసంగా ముదురుతుంది. ఒక్కోసారి దగ్గు పని ముగిశాక, రాత్రిపూట మొదలవుతుంది కాబట్టి కార్మికుడికి కూడా అనుమానం రాదు. అయితే ఒక ఆనవాలుంది: సెలవు రోజుల్లో తెరిపిన పడడం, పనిలోకి దిగగానే తిరగబెట్టడం. ఏం పని చేస్తావు, సెలవుల్లో ఎలా ఉంటుంది అని డాక్టరు రెండు ప్రశ్నలు వేస్తే చాలావరకు తీగ దొరుకుతుంది. అడగకపోతే నెపం బీడీ మీదికో, ఊరి పొగ మీదికో పోతుంది.

క్యాన్సర్ కథ వేరు. 1960 దశకంలో ఇంగ్లండ్‌లోని హై వికమ్‌లో ఈఎన్‌టీ సర్జన్ ఎస్మీ హాడ్‌ఫీల్డ్ ఒక సంగతి గమనించారు. అరుదైన ముక్కు క్యాన్సర్‌తో తన దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఫర్నిచర్ పనివారే. ఆ దారిలో సాగిన పరిశోధనల ఫలితంగా 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. జబ్బు బయటపడడానికి దశాబ్దాలు పట్టొచ్చు. అప్పటికి ఏ షెడ్డులో ఎన్నేళ్లు పనిచేశాడో చెప్పే కాగితం ఎవరి దగ్గర ఉంటుంది?

విరుగుడు కొత్తదేమీ కాదు. దుమ్ము లేచిన చోటే దాన్ని పీల్చేసే గొట్టం యంత్రానికి బిగించాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ కోరింది దాదాపు అదే. కానీ విద్యుత్తు వాడే చోట కనీసం 10 మంది ఉంటేనే ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ అయ్యేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ఐరోపా సమాఖ్యేమో 2017లో, గట్టి చెక్కల దుమ్ముకు ఉన్న పరిమితిని ఘనపు మీటరు గాలికి 5 మిల్లీగ్రాముల నుంచి అంచెలవారీగా 2కు దించాలని నిర్ణయించింది. నలుగురైదుగురితో నడిచే హౌరా షెడ్డు పాత లెక్కలోనూ ఫ్యాక్టరీ కాదు, కొత్త లెక్కలోనూ కాదు.