పెద్దమ్మకి జీతం ఇచ్చేది ఎవరు?

సీఎస్ఈలో చేరినప్పటి నుంచి మా చుట్టాలందరి ఫోన్లకీ నేనే దిక్కు. వాట్సాప్ ఓపెన్ కాకపోయినా, గ్యాస్ బుక్ అవ్వకపోయినా నన్నే పిలుస్తారు. సంక్రాంతి సెలవులకి గుంటూరు వెళ్ళినప్పుడు మా పెద్దమ్మ కూడా అలాగే ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఒరే నాన్నా, కంప్యూటర్ చదువుతున్నావు కదా, ఇందులో నా పీఎఫ్ ఎంతుందో చూసి పెట్టరా" అంది.

పెద్దమ్మ ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆరేళ్ళుగా అదే బిల్డింగ్, అదే మూడో అంతస్తు. కానీ ఈ ఆరేళ్ళలో మూడు కంపెనీల్లో పనిచేసినట్టు లెక్క. ఆమె ఎక్కడికీ పోలేదు, ఏజెన్సీలే మారాయి. కాంట్రాక్ట్ మారినప్పుడల్లా యూనిఫాం రంగు మారుతుంది, జీతం వేసే కంపెనీ పేరు మారుతుంది. పని మాత్రం అదే.

ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచాం. ఇప్పటి ఏజెన్సీ కింద 11 నెలలు పనిచేస్తే 4 నెలలకే డబ్బు పడింది. జీతంలో మాత్రం ప్రతి నెలా పీఎఫ్ కోశారు. "మరి మిగతా ఏడు నెలలది ఎవర్ని అడగాలిరా?" అంది. నాకు తెలియలేదు. ఆమె పేస్లిప్ అంతా ఇంగ్లీషులోనే ఉంది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను అందులో ప్రతి పదం చదవగలిగాను, అర్థం మాత్రం చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఈ వ్యవహారంలో ముగ్గురు ఉంటారు. పని చేయించుకునే సంస్థ, పనిచేసే మనిషి, మధ్యలో ఏజెన్సీ. పని చెప్పేది, బాగా చేయకపోతే తిట్టేది సంస్థ. కానీ కాగితం మీద పెద్దమ్మ ఆ సంస్థ ఉద్యోగి కాదు, ఏజెన్సీ ఉద్యోగి. నెలయ్యాక ఏజెన్సీ సంస్థకి బిల్లు పంపుతుంది. సంస్థ ఏజెన్సీకి కడుతుంది, ఏజెన్సీ కార్మికుల అకౌంట్లలో జీతం వేస్తుంది.

ఆ బిల్లులో ఏముంటుందో చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండాలని జీతం 12,000 అనుకుందాం.

పెద్దమ్మ వైపు నుంచి కోతలు: పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 90. చేతికి వచ్చేది 10,470.

యజమాని వైపు నుంచి అదనంగా కట్టాల్సినవి: పీఎఫ్ 12 శాతం 1,440. దాంతోపాటు బీమాకి, పీఎఫ్ ఆఫీసు నిర్వహణ ఖర్చుకి కలిపి 1 శాతం, 120. ఈఎస్ఐ 3.25 శాతం, 390. ఇవి జీతానికి కలిపితే 13,950.

దీని మీద ఏజెన్సీ సర్వీస్ చార్జి 10 శాతం అనుకుందాం, 1,395. మొత్తం 15,345 అయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ, 2,762. చివరికి సంస్థ కట్టేది 18,107.

అంటే సంస్థ జేబులోంచి 18,107 వెళ్తే పెద్దమ్మ చేతికి 10,470 వస్తుంది. మధ్యలో 7,637 తేడా. ఈ అంకె చూడగానే నాకు కోపం వచ్చింది, అంతా ఏజెన్సీ తినేస్తోందనుకున్నాను. కానీ విడగొట్టి చూస్తే అలా కాదు. పీఎఫ్ పద్దు కింద 3,000, ఈఎస్ఐకి 480, ప్రభుత్వానికి పన్ను 2,762, ఏజెన్సీకి 1,395. కాబట్టి తేడా ఉన్నంత మాత్రాన మోసం అనలేం. మోసం ఎక్కడంటే, పీఎఫ్, ఈఎస్ఐ పేరుతో తీసిన 3,480 చేరాల్సిన చోటికి చేరకపోవడంలో. అది పెద్దమ్మ కోసం తీసిన డబ్బు. జీతంలో కోసింది ఒక భాగం, ఆమె పేరు చెప్పి సంస్థ దగ్గర వసూలు చేసింది ఇంకో భాగం.

ఎందుకు ఆగిపోతుంది? టెండర్ సంగతి తెలుసుకున్నాక నాకు ఇది అర్థమైంది. చాలా చోట్ల ఎవరు తక్కువకి కోట్ చేస్తే వాళ్ళకే కాంట్రాక్ట్. జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, జీఎస్టీ రేట్లు అందరికీ ఒకటే. తగ్గించడానికి మిగిలేది సర్వీస్ చార్జి ఒక్కటే. దాన్ని దాదాపు సున్నాకి దించి గెలిచిన ఏజెన్సీ తన లాభం ఎక్కడ తెచ్చుకోవాలి? పీఎఫ్ కట్టకుండా ఆపొచ్చు, యూనిఫాం డిపాజిట్ అని కోయొచ్చు, 25 మందికి బిల్లు పెట్టి 22 మందితో పని చేయించొచ్చు. అందరూ అలా చేస్తారని కాదు. కానీ మరీ చవగ్గా వచ్చిన కాంట్రాక్ట్ చూస్తే ఆ మిగులు ఎవరి దగ్గర్నుంచి వస్తోందని అడగాల్సిందే.

ఇక పెద్దమ్మ ప్రశ్న, ఎవర్ని అడగాలి? ఏజెన్సీని అడిగితే "ఆసుపత్రి నుంచి బిల్లు రాలేదు" అన్నారు. ఆసుపత్రిలో అడిగితే "మీరు మా స్టాఫ్ కాదు, మీ ఏజెన్సీని అడగండి" అన్నారు. ఆ రెండో మాట చట్టం ప్రకారం నిలవదు. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం, కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే పని చేయించుకునే సంస్థ, తానే ఇచ్చి ఆ డబ్బు కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలని చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఈ బాధ్యత ఉంది. కాకపోతే పాత చట్టం 20 మంది కాంట్రాక్ట్ కార్మికులు ఉన్న చోట వర్తించేది, ఇప్పుడు ఆ సంఖ్య 50 అయింది. పీఎఫ్ రూల్స్ కూడా ఇదే దారిలో ఉన్నాయి, కాంట్రాక్టర్ ద్వారా పనిచేసేవాళ్ళ పీఎఫ్ బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌ది కూడా.

రుజువు సంగతికొస్తే, మన ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వస్తే ముందు లాగ్ చూస్తాం కదా. ఇక్కడ పీఎఫ్ పాస్‌బుక్కే లాగ్. అందులో నెలనెలా మూడు అంకెలు పడాలి. 12,000 జీతానికైతే ఉద్యోగి వాటా 1,440, యజమాని వాటా 440, పెన్షన్ 1,000. యజమాని కట్టే 1,440లోంచి జీతంలో 8.33 శాతం పెన్షన్‌కి పోతుంది కాబట్టి అలా విడిపోతుంది. ఒక నెల జీతం తాలూకు పీఎఫ్ తర్వాతి నెల 15లోపు కట్టాలి. ఇంకో సంగతి, ఏజెన్సీ మారినా 12 అంకెల యూఏఎన్ నంబర్ మారకూడదు. పెద్దమ్మకి రెండో ఏజెన్సీ కొత్త నంబర్ తీసింది, పైగా ఆధార్‌లో ఒక పేరు, అందులో ఇంకో పేరు. ఆ రెండేళ్ళ డబ్బు ఇప్పటికీ విడిగా ఇరుక్కుని ఉంది.

పాస్‌బుక్ ప్రింట్ తీసి, పేస్లిప్పుల్లో కోత పడిన నెలల పక్కన డబ్బు పడని నెలలకి ఎర్ర పెన్నుతో గీత గీసి ఇచ్చాను. పెద్దమ్మ ఇంకో ఎనిమిది మందిని వెంటబెట్టుకుని ఆసుపత్రి హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్ళింది. "మీ స్టాఫ్ కాదంటున్నారు సరే, మూడో అంతస్తు ఎవరిది సార్?" అని అడిగిందట. పీఎఫ్ ఆఫీసు గ్రీవెన్స్ పోర్టల్‌లో కంప్లైంట్ కూడా పెట్టాం. మార్చిలో మూడు నెలల డబ్బు పడింది. నాలుగు నెలలది ఇంకా రావాలి.

ఇది హౌస్‌కీపింగ్ వాళ్ళ గొడవే అనుకోకండి. మన కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ అన్న భుజం మీద ఎవరి పేరుందో ఒకసారి చూడండి. రేపు మనకొచ్చే ఆఫర్ లెటర్‌లో కూడా "థర్డ్ పార్టీ పేరోల్" అని ఉండొచ్చు. కూర్చునేది ఒక కంపెనీ ఆఫీసులో, జీతం వేసేది ఇంకో కంపెనీ. అప్పుడు మనం అడగాల్సినవీ ఇవే: నా యజమాని పేరు ఏంటి, సీటీసీలో యజమాని పీఎఫ్ వాటా కూడా కలిపేశారా, పాత యూఏఎన్‌లోనే కడతారా?

పెద్దమ్మ ఇప్పుడు నన్ను అడగట్లేదు. ప్రతి నెలా 15 దాటాక తనే యాప్ తెరుస్తుంది. డబ్బు పడకపోతే స్క్రీన్‌షాట్ ముందు హెచ్‌ఆర్‌కి, తర్వాత నాకు పంపుతుంది.